ఓడ దిగిన కాళ్లు

కాలేజీలో పరుగెత్తే రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖ పోటీలకు ఓడలోనే వెళ్లేవాణ్ణి. దిగిన మర్నాడు కూడా కాళ్ల కింద నేల ఊగుతూనే ఉండేది. ఎప్పుడూ చివర్నే వచ్చేవాణ్ణి. విమానాలన్నీ క్రీడల శాఖ పెద్దలకే.

కోచ్‌నయ్యాక, నా దగ్గర నేర్చుకునే పిల్లలకూ అదే గతి పట్టకూడదని ఓడ డెక్ మీదే ప్రాక్టీసు పెట్టాను. మా ఊళ్లోనే డిగ్నాబాద్ పేట అమ్మాయి ఒకతె, ఓడ ఒరిగినప్పుడల్లా దానికి తగ్గట్టు ఒళ్లు వంచి పరుగెత్తడం చక్కగా నేర్చుకుంది.

విశాఖ ట్రాక్ మీద మొదటి మలుపులోనే, లేని అలకు ఒళ్లు వంచి పడిపోయింది.

"జమీన్ ఊగట్లేదు సార్, నేనే ఊగిపోతన్నాను," అంది మోకాలి నెత్తురు తుడుచుకుంటూ.



తిరుగు ప్రయాణంలో, డెక్ మీద, ఆమెను ఒక్కరూ అందుకోలేకపోయారు.