ముట్టని ముక్క

మేడమ్ పోయారన్న కబురు మంగళవారం పొద్దున మంచిర్యాల దవాఖాన నుంచి వచ్చింది. ఫోను చేసింది ఆమె భర్త. జ్యోతినగర్‌లో కరెంటు ప్లాంటు ఇంజనీరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. "అయ్యగారూ, మీ మేడమ్ ఇంక లేరండి" అన్నారు. నా భార్య అనలేదు, మీ మేడమ్ అన్నారు. మంగళవారం మేమిద్దరం గుట్ట ఎక్కే రోజు. ఆమె దవాఖానలో ఉన్నా నేనొక్కడినైనా పోదామని గడ్డపార, నీళ్ల సీసా సైకిలుకు కట్టి పెట్టుకున్నాను. ఫోను పెట్టేసి ఆ కట్లు ఊడదీశాను. వాక్యగ్రంథం తెరిచాను గాని అక్షరం కనబడలేదు.

ఈ పత్రిక చదివే సహోదరులలో ఆమెను ఎరిగినవారు కొద్దిమందే. ఆమె మన ప్రార్థన కూడికకు ఎన్నడూ రాలేదు. ఇంట్లో దేవుడి గూడు ఉంది, సాయంత్రం దీపం పెట్టేవారు. భర్త ఉద్యోగం వెంట కోస్తా నుంచి ఇక్కడికి వచ్చి, గోదావరిఖనిలో కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పారు. పరాయి దేశం మొక్కలు మన నేలను ఎట్లా కమ్ముకుంటున్నాయి, వాటి కింద మన చెట్లు ఎన్ని బతుకుతున్నాయి అన్నది ఆమె పరిశోధన. నేను ఐదో తరగతి దాటనివాడిని, గ్రంథం పట్టుకొనే చదవడం నేర్చినవాడిని. బొగ్గు బాయి ల్యాంప్ రూములో ముప్పై ఏళ్లు డ్యూటీ చేశాను. అలాంటి నాకు ఆమె గురువు ఎట్లా అయ్యారో చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి.

ఓపెన్ కాస్టు గని తవ్వి పోసిన మట్టిగుట్టలు మీరందరూ చూసినవే. మా కాలనీ వెనక ఉన్న పాతగుట్టను లాంటానా కంప, సర్కారు తుమ్మ పూర్తిగా కప్పేశాయి. ఒక ఆదివారం నేను గురుగుల ఉపమానం మీద బోధించాను. మంచి విత్తనం చల్లిన పొలంలో శత్రువు వచ్చి గురుగులు, అంటే కలుపు గింజలు, చల్లిపోయిన కథ. నా గొంతు మీకు తెలుసు, ఆ రోజు ఇంకా పెద్దగా లేచింది. శత్రువు నాటినది మన కళ్లముందే ఉంటే ప్రసంగం విని ఇంటికి పోయి పప్పన్నం తింటామా అని అడిగాను. ఆ మధ్యాహ్నమే గొడ్డళ్లు, కొడవళ్లు పట్టుకొని నలభైమందిమి గుట్ట ఎక్కాం. కాలేజీ మేడమ్ ఒకావిడ అక్కడ కంప తీయిస్తున్నదని విన్నాం గనుక ఆమెకు సాయం చేస్తున్నామనే అనుకున్నాం. ఆమె సగం వాలు శుభ్రం చేసి ఉంది, మిగిలిన సగం అట్లాగే వదిలేసి ఉంది. పాపం, చేతగాక వదిలేసిందనుకున్నాం. నరికి, కుప్పపెట్టి, అగ్గిపెట్టి, పాట పాడుకుంటూ దిగాం.

మరునాడు ఆమెను పిలుచుకొచ్చి చూపించాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఆమె బూడిదలో చాలాసేపు నిలబడ్డారు. తరువాత కూర్చున్నారు. చీర నల్లబడింది.

"మేడమ్, గట్ల కూసుంటిరేంది? మీ పని సగం తగ్గిపాయె గద" అన్నాను.

"అయ్యగారూ, ఇది నేను కావాలనే ముట్టుకోకుండా ఉంచిన ముక్కండి" అన్నారు.

ఆమె గొంతు పెంచలేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. కంప తీసిన చోట ఏం మొలిచిందో చెప్పాలంటే, తీయని చోట ఏం మొలిచిందో పక్కన ఉండాలి. ఏడేళ్ల పాటు రెండింటినీ పక్కపక్కన చూడాలి. గుట్టంతా డోజరుతో దున్ని ఒకే రకం చెట్టు పెట్టాలా, లేక కొంచెం కొంచెంగా కంప తీసి మన చెట్లను వాటంతట అవే రానివ్వాలా అని గని కంపెనీ పైవాళ్లు అడుగుతున్నారు. ఆ పోలిక చూపిస్తేనే వింటారు. అందులో ఐదేళ్లు అయిపోయాయి. కంప నీడలో, మేకల నోటికి అందకుండా, తునికి, మొర్రి, సండ్ర పిలకలు మొలిచి ఉండేవి. పిగిలిపిట్టలు గూళ్లు కట్టుకున్నాయి. వాటన్నిటికీ కట్టిన రేకు చీటీలు బూడిదలో ముడుచుకుపోయి కనిపించాయి.

సహోదరులారా, ఆ రాత్రి నేను అదే ఉపమానం మళ్లీ చదివాను. గురుగులు పీకమంటారా అని దాసులు అడిగితే యజమాని వద్దంటాడు. పీకబోయి గోధుమలను కూడా పెళ్లగిస్తారేమో, కోత దాకా రెండూ కలిసి పెరగనివ్వండి అంటాడు. ఆ మాట నేను వందసార్లు చదివాను. ఆదివారం ఆ మాట దగ్గరికి రాకముందే ప్రసంగం ముగించి గొడ్డలి పట్టుకున్నాను.

వారం తరువాత క్షమాపణ చెప్పడానికి వాళ్లింటికి పోయాను. గడపలో నిలబడి ఒప్పుకున్నాను. ఆమె కూర్చోమన్నారు, చాయ్ ఇచ్చారు. నోటుబుక్కు తీసి నా ముందే కొత్త పేజీలో 'మొదటి సంవత్సరం' అని రాశారు. గుట్టకు అటు పక్క ఇంకో ముక్క ఉంది, అక్కడ సగం తీసి, సగం ముట్టకుండా ఉంచి మళ్లీ మొదలు పెడతానన్నారు. అప్పటికి ఆమెకు రిటైర్మెంటు దగ్గరపడింది. మోకాళ్ల నొప్పులు.

"నన్నేం జెయ్యమంటరు మేడమ్?"

"మంగళవారాలు రండి. ముందు ఆర్నెల్లు ఏదీ పీకకండి. ఊరికే చూడండి."

ఊరికే చూడడం నా వల్ల అయ్యే పని కాదు. అది ఆమెకూ తెలుసు. అందుకే రేకు చీటీలు కట్టే పని నాకు ఇచ్చారు. రేకు మళ్లీ కాలుతుందని నేను వేరే ఉపాయం చెప్పాను. మా ల్యాంప్ రూములో ప్రతి కార్మికుడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉండేది. టోకెన్ అంటాం. బాయిలోకి దిగేటప్పుడు బిళ్ల మేకుకు తగిలించి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చి దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక మేకుకు ఒక్క బిళ్ల మిగిలినా ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ఆ బిళ్ల ఎవరిదో తేలేదాకా ల్యాంప్ రూము మనిషి తాళం వెయ్యడు. మా బాయి మూతపడ్డాక తుక్కులో పోయిన బిళ్లలను అడిగి తెచ్చి ఆమె ముందు పోశాను. ఆమె ఒక్కొక్కటి చీర కొంగుతో తుడిచి చూశారు.

అప్పటినుంచి ప్రతి పిలకకూ ఒక బిళ్ల. గుట్ట కింద పాత వాచ్‌మన్ గుడిసెది ఒక ఇనుప స్తంభం మిగిలి ఉంది. దానికి రెండు మేకులు తీగతో బిగించి మా ఇద్దరి బిళ్లలు పెట్టాం. ఎక్కేటప్పుడు తగిలించాలి, దిగాక తీసుకోవాలి. ఇది నేను నవ్వులాటకు పెట్టిన రూలు. ఆమె మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. ఒకసారి నేను మరిచి ఇంటికి పోతే సాయంత్రం ఫోను చేసి, "అయ్యగారూ, మీరింకా గుట్ట మీదే ఉన్నారండి, వచ్చి దిగండి" అన్నారు. వానలో సైకిలేసుకొని పోయి నా బిళ్ల తీసుకున్నాను.

అయ్యగారూ అని పిలవొద్దని, నాకు ఏ సంఘమూ అభిషేకం చేయలేదని చాలాసార్లు మొత్తుకున్నాను. "గొంతు ఉందిగా, చాలదా" అనేవారు.

మా మధ్య వాదం ఎప్పుడూ ఒకటే. లాంటానాను నేను సైతాను కంప అనేవాణ్ని. ఆమె ఒప్పుకునేవారు కాదు.

"దానికి పాపం తెలీదండి. పూలు బాగున్నాయని ఓడలో తెచ్చి తోటలో పెట్టింది మనిషి. దాన్ని తిట్టి లాభం లేదు, మనం చేసింది మనం ఓపికగా విప్పుకోవాలి."

నేను జవాబుకు గ్రంథం వెతికేవాణ్ని. దొరికినవన్నీ ఆమె వైపే ఉండేవి. కంప తీసిన చోట మొదటి వానకే వయ్యారిభామ కలుపు నడుము దాకా లేచింది. అప్పుడు నాకు అపవిత్రాత్మ వదిలిపోయిన ఇంటి కథ గుర్తొచ్చింది. ఇల్లు ఊడ్చి ఖాళీగా ఉంచితే అది తనకన్నా చెడ్డవి ఏడింటిని వెంటబెట్టుకొని వస్తుంది. ఆ కథ చెబితే ఆమె పని ఆపి విన్నారు. "మా పిల్లలకు నేను మూడు క్లాసులు తీసుకుని చెప్పేది ఇదేనండి" అన్నారు. ఆ తరువాత కంప తీసిన ప్రతి చోటా మోదుగ విత్తనమో, మన గడ్డి విత్తనమో వెంటనే చల్లాం. కంపను కూడా నరకలేదు. వేరు మొదలు దగ్గర నేలలోపల కోసి, వేర్లు ఆకాశానికి ఉండేటట్టు తలకిందులు పెట్టాం. పేరు తెలియని మొక్కను ముట్టుకోనిచ్చేవారు కాదు. "ముందు పేరు అడగండి, తరవాత చెయ్యెత్తండి" అనేవారు. ఈ మాట మనుషుల విషయంలోనూ నాకు పనికొచ్చింది. నా ప్రసంగాలలో వేలెత్తి చూపడం తగ్గిందని మీలో కొందరు అంటుంటారు. దానికి కారణం ఇదే.

చనిపోయిన పిలక బిళ్ల కూడా ఆమె పారేయలేదు. ఇంట్లో ఒక పలక మీద బోర్లించి తగిలించేవారు. ఎందుకని అడిగితే, ఎన్ని పోయాయో మరిచిపోతే గెలిచామని భ్రమపడతామన్నారు. ఆ పలకలో మేం కాల్చిన ముక్కకు, కాలి ముడుచుకున్న రేకు చీటీలతో, ఒక వరుస ఉంది. అది ఎవరి వల్ల పోయిందో ఆమె ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. నేనే ఈరోజు చెబుతున్నాను.

పోయిన నెల గుట్ట పైన ఉండగా ఆమెకు ఊపిరి అందలేదు. ఆటో రావడానికి దారి అటు పక్కనే ఉంది గనుక అటే దించాను. ఆటోలో నా చెయ్యి పట్టుకొని అన్నది ఒక్కటే. "ఈ వానాకాలంతో ఏడేళ్లు నిండుతాయండి. అందాకా ఆ ముక్క జోలికి ఎవర్నీ రానివ్వకండి. వానలయ్యాక లెక్క మీరే తియ్యండి." నాకు లెక్క రాదన్నాను. "బిళ్లలు లెక్కపెట్టలేరా, ముప్పై ఏళ్లు అదేగా చేశారు" అన్నారు.

దహనమైన మూడో రోజు మన యువకులు నా దగ్గరికి వచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు. మేడమ్ యాదిలో గుట్ట మీద మిగిలిన కంపంతా ఒక్క ఆదివారంలో సాఫ్ చేసి మొక్కలు నాటుదామన్నారు. నన్ను ముందు నడవమన్నారు. ఆ ముక్కను ముట్టొద్దని చెప్పాను. వాళ్లు నమ్మలేదు. వాళ్లలో ఒకడు, గుట్ట కాల్చిన ఆదివారం నా వెనక గొడ్డలి పట్టుకొని నడిచినవాడే, నవ్వుతూ అన్నాడు.

"కాకా, సైతాను కంప అని నువ్వే గద జెప్పింది. ఇప్పుడు దానికే కాపలా ఉంటవా?"

"ఉంట" అన్నాను. "నేను జెప్పింది తప్పు. వానలు పోయేదాక అటు దిక్కు ఒక్క కత్తి ఎక్కినా ముందు నన్ను దాటాలె."

ఇంత చిన్నగా నేను మాట్లాడడం వాళ్లు ఎన్నడూ వినలేదు. వెళ్లిపోయారు. ఇది చదివేవారు కూడా దయచేసి అటు రావద్దు. ఆమెకు ఏదైనా చేయాలనుకుంటే కార్తీకం అయ్యాక రండి. నాతోపాటు వంగి బిళ్లలు వెతకండి.

నిన్న మంగళవారం ఒక్కడినే పోయాను. తొలకరి పడింది. ముట్టని ముక్కలో లాంటానా గులాబీ, పసుపు గుత్తులతో విరగబూసి ఉంది. వంగి చూస్తే దాని కింద ఒక తునికి పిలక రెండు కొత్త ఆకులు వేసింది. పిలక మెడలో బిళ్ల తడిగా ఉంది. నంబరు చదివి ఆమె నోటుబుక్కులో టిక్కు పెట్టాను.

దిగి స్తంభం దగ్గరికి వచ్చాను. ఆమెను ఆటో ఎక్కించిన రోజు అటు పక్క నుంచి దిగిపోయాం, మళ్లీ నేను ఇటు రాలేదు గనుక రెండు బిళ్లలూ మేకులకే ఉన్నాయి. నాది తీసి జేబులో వేసుకున్నాను. పక్క మేకుకు ఆమెది గాలికి స్తంభాన్ని మెల్లగా కొడుతూ ఉంది. చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను.