తలుపు చాటు నుంచి చూసిన నాయన

నిన్న టీవీలో ఫ్యాక్టరీ మురికి నుంచి పుట్టిన రాక్షసుడి సినిమా వచ్చింది. వాడి ఒళ్లంతా బూడిద రంగు, కళ్లు మాత్రం ఎర్రన. "ఏమే, భయపడతాండావా?" అని మా ఆయన నవ్వాడు.

ఎర్రగుంట్ల పక్క పల్లెల్లో పెరిగిన నా ఈడు వాళ్లకు గుర్తుందా? సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము పడుతుందని అన్నం వడ్డించేదాకా కంచాలు బోర్లించే ఉంచేవాళ్లం. సిమెంటు మూటలు మోసి నాయన అచ్చం ఆ రాక్షసుడిలాగే ఇంటికి వచ్చేవాడు. నేను తలుపు చాటున దాక్కునేదాన్ని. "నేనే లేమ్మా, మీ నాయన్ని, రా" అని దగ్గుతూ బతిమాలేవాడు. ఆ దగ్గుతోనే పోయాడు. ఆ పొగగొట్టాన్ని చూస్తే ఇప్పటికీ ఉమ్మేయాలనిపిస్తుంది.

సోమవారం నుంచి మా ఆయన అదే పనికి పోతానంటున్నాడు. ఏనాడూ ఎదురు చెప్పని నేను టీవీ ఆపేసి అన్నాను.

"పో మామా. నీ బిడ్డ కూడా నిన్ను చూసి దాక్కుంటాది."