ఫొటోలో మా అమ్మ చాప

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. చనిపోయినవాళ్ళు తిరగరని సండేస్కూల్లో నేర్చుకున్నాను. ఇప్పుడు మా పిల్లలకీ అదే చెబుతున్నాను. అయినా మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. దాని గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

తొంభైల్లో మాది కోడూరు. నాన్న ఉయ్యూరులో లారీ మెకానిక్‌గా చేసి, అక్కణ్ణించి జాంబియాలో ఒక రాగిగనికి వెళ్ళారు. అడవి మధ్య క్యాంపు. కెమెరా ఉన్నది ఒక్క మలయాళీ స్టోర్‌కీపర్ దగ్గరే. ఆయన తీసిన ఫొటోలు ఉత్తరాల్లో వచ్చేవి. రేకుల షెడ్లు, పసుపు హెల్మెట్లు, ఎక్కడ చూసినా ఎర్రమట్టి. ప్రతి ఫొటో వెనక నాన్న ఒక మాట రాసేవారు. "ఇది మా వంటిల్లు. చింతపండు అయిపోయింది."

గృహప్రార్థనకి వచ్చిన ఆడవాళ్ళు చేతులు తుడుచుకుని మరీ చూసేవారు.

"అన్నయ్యగారు నల్లబడ్డారు వదినా," అనేది పక్కింటి సువార్తమ్మ అత్త.

"పెళ్ళినాడు మాత్రం తెల్లగా ఉన్నారా ఏంటి?" అనేది అమ్మ. అందరూ నవ్వేవారు.

ఒక వానాకాలం ఉత్తరాలు ఆగిపోయాయి. రెండు నెలలు. అమ్మ రోజూ సాయంత్రం నాలుగింటికి తుంగచాప పరిచి మోకాళ్ళూనేది. అది ప్రార్థనకే ఉంచిన చాప. దాని మూల చిరిగితే తన నీలంచీర అంచు ముక్క వేసి కుట్టింది. ఆ చాప మేమెవరం తొక్కకూడదు.

ఒకరోజు ప్రార్థన అయ్యాక అమ్మ చాప దులిపింది. గచ్చు మీద ఎర్రటి మట్టి రాలింది.

"ఎక్కడ తిరిగొచ్చావే? కాళ్ళు కడుక్కోకుండా చాపెక్కావా?" అని నా వీపు మీద ఒకటి వేసింది. నేనెక్కలేదని ఏడ్చాను. మా ఊళ్ళో ఉన్నది నల్లమట్టి. ఆ కోపంలో అమ్మకి అది తట్టలేదు, నాకూ తట్టలేదు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. మలేరియా ముదిరి నాన్న చావు దాకా వెళ్ళొచ్చారట. లేచి కూర్చున్న మొదటిరోజు తీసిన ఫొటో అందులో ఉంది. ఇనప మంచం, చిక్కిపోయిన నాన్న. మంచం పక్కన నేల మీద పరిచిన తుంగచాప. దాని మూల నీలం అంచు ముక్క.

ఫొటో వెనక రాశారు: "చాప అందింది. ఎవరి చేత పంపావు?"

అది చదివేటప్పటికి అమ్మ ఆ చాప మీదే కూర్చుని ఉంది.

రెండేళ్ళకి నాన్న తిరిగొచ్చారు. తను లేచి నడిచేనాటికి చాప అక్కడ లేదని, ఊడ్చేవాళ్ళు తీసేశారనుకున్నానని చెప్పారు. మా ఇంట్లో చాప చూసి, ఆ నీలం ముక్క వేళ్ళతో తడిమారు.

సంఘంలో సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అమ్మని అడిగారు. "ఆయన్ని దేవుడు బతికించాడని చెబుతానండీ," అంది అమ్మ. "చాప సంగతి నాకు తెలియదు. తెలియనిది సాక్ష్యంలో కలపకూడదు కదండీ." ఆ ఆదివారం లేచి అంతే చెప్పి కూర్చుంది.

ఆ ఫొటో ఇప్పుడు నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. చూసిన ప్రతిసారీ ఆ రేకుల షెడ్లూ, అమ్మ చుట్టూ చేరి నవ్విన ఆడవాళ్ళూ గుర్తొస్తారు. చాప అక్కడికెలా వెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒట్టు పెట్టుకోకూడదని నేర్చుకున్నదాన్ని. అందుకని మామూలుగానే చెబుతున్నాను. ఆ రోజు నేను చాపెక్కలేదు.