నడిమి ఇంటి కోసం ఆర్డిస్ తిరిగిన చలికాలం

మా నెబ్రాస్కా ఇసుక కొండల్లో ఎవరినైనా ఏమైనా అడగొచ్చు. నీకెన్ని ఆవులున్నాయని మాత్రం అడగకూడదు. అడిగితే పరాయివాడి జేబులో చెయ్యి పెట్టినట్టే. అలాంటిచోట ఆర్డిస్ వొబోరిల్ ఒక చలికాలమంతా ఇంటింటికీ వెళ్లి, ఏడాదికి మీ ఆదాయమెంత అని అడిగింది.

అంతకుముందు ఆమె స్కూలు బస్సు నడిపేది. నేను చదివిన ఆ కాస్త చదువుకూ ఆమె బస్సులోనే వెళ్లాను. మంచు రోజుల్లో గేటు దగ్గర పిల్లలు కనబడకపోతే ఆమె హారన్ కొట్టేది కాదు. దిగి తలుపుదాకా నడిచొచ్చేది.

ఊరి బోరు నీళ్లలోకి పొలాల ఎరువు దిగడంతో, ఆ నీళ్లు పసిపిల్లలకు పట్టొద్దన్నారు. మా అక్క జొలీన్ ఊళ్లోనే ఉంటుంది. బిడ్డకు పాలు కలపడానికి పక్క కౌంటీదాకా పోయి నీళ్లు కొనుక్కొచ్చేది. కొండ అవతల మంచి నీళ్లున్నాయి కానీ పైపు వేయాలంటే ప్రభుత్వ సాయం కావాలి. కౌంటీలో ఇళ్లన్నిటినీ లేనివాళ్ల నుంచి ఉన్నవాళ్లదాకా వరసగా నిలబెడితే, సరిగ్గా మధ్యన నిలిచే ఇంటి ఆదాయం ఒక గీతకు దిగువన ఉంటేనే ఆ సాయం. ప్రభుత్వం ఏటా ఆ నడిమి ఇంటి ఆదాయాన్ని అంచనా కడుతుంది. మనుషులు పలచగా ఉన్న కౌంటీ మాది. ఏటా కొద్ది ఇళ్లనే అడిగి, ఐదేళ్ల జవాబులు కలుపుతారు. చాలా ఏళ్లు కిందనే ఉన్న అంచనా, రెండు వేసవులు వానల్లేక గడ్డి మాడిపోయాక గీత దాటి పైకెళ్లింది.

"మనం డబ్బున్నోళ్లమయ్యామంట. ఇవాళ బిల్లు నువ్వే కట్టు," అని కాఫీ హోటల్లో ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. జొలీన్ నవ్వలేదు.

మీరే ఇంటింటా అడిగి, వసంతంలోపు చాలినన్ని జవాబులు పంపితే వాటినే తీసుకుంటామని రాజధాని అధికారి ఫోన్లో మర్యాదగానే చెప్పాడట. కౌంటీ పెద్దలు ఆ పని ఆర్డిస్‌కి అప్పగించారు.

ఆమె వెళ్లగానే అడిగేది కాదు. ముందు పశువుల తొట్టిలో గడ్డకట్టిన మంచు పగలగొట్టేది, మందులు తెచ్చిపెట్టేది. తర్వాత బల్లమీద కార్డు పెట్టి కిటికీ వైపు తిరిగి వాతావరణం గురించి మాట్లాడేది. రాసి మడిచి డబ్బాలో వేస్తే చాలు, పేరక్కర్లేదు.

మా ఇంటికొచ్చినప్పుడు మా నాన్న మిలో కార్డు ముట్టుకోలేదు. దాచుకోడానికి నేనేం దొంగనా అంటూ అంకె పైకే చెప్పాడు. సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆర్డిస్ కిటికీ నుంచి ఇటు తిరిగింది.

"ఇంత ఎక్కడిదయ్యా నీకు?"

"పశువుల సంతలో ఇచ్చిన చెక్కు మీదున్నదే చెప్పా."

"అన్నీ దూడలేనా?"

నాన్న కప్పు అటూ ఇటూ తిప్పాడు. అప్పుడు ఆమె అడగకూడని మాట అడిగింది.

"తల్లి ఆవులు ఎన్ని మిగిలాయి, మిలో?"

నాన్న ఆమెను బయటికి పొమ్మంటాడనే అనుకున్నాను. బల్ల అంచు గోటితో గీకాడు.

"గేటు దగ్గర నిలబడితే మిగిలినవన్నీ ఒక్కచూపులో కనబడతాయి."

ఆర్డిస్ వచ్చి ఎదురుగా కూర్చుంది. "అది ఆదాయం కాదయ్యా. ఏటా అమ్మే దూడలైతే ఆదాయం. గడ్డి లేక ఆ దూడల్నిచ్చే తల్లుల్నే అమ్ముకున్నావు. సొంత ఆస్తి అమ్మిన డబ్బు కలపొద్దని కార్డు వెనకే ఉంది. నేను చదివి చెప్పలేదు. తప్పు నాది."

"చదివినా ఒకటే. ఈ ఏడు ఏం మిగల్లేదని ఇక్కడెవడు రాస్తాడు?"

ఆమె ఆ సాయంత్రమే అధికారికి ఫోన్ చేసి తన పొరపాటు చెప్పింది. ఆ జవాబులు పక్కనపెట్టి అందరినీ మళ్లీ ఒకేలా అడిగితే ఒప్పుకుంటామన్నాడు. వసంతం దగ్గర పడుతోంది. డబ్బా ఖాళీ చేసుకుని ఆమె మొదటి ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

కొందరు తలుపు తీయలేదు. "మళ్లీ వచ్చావేం? బస్సు తిప్పడం మానలేకపోతున్నావా?" అన్నారు కొందరు. ఒకాయన కుక్కను కట్టకుండా వదిలేశాడు. ఆర్డిస్ ఎవరితోనూ వాదించలేదు, మర్నాడు మళ్లీ వెళ్లేది. దూడల డబ్బు వేరు, తల్లుల డబ్బు వేరు అని అదే నిదానంతో మళ్లీ చెప్పేది. మా నాన్నను సాయం రమ్మని ఒక్కసారి కూడా అడగలేదు.

నాన్న రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడోరోజు తలుపులు మూసిన ఇళ్లకు తనే బయల్దేరాడు, నేనూ వెంట వెళ్లాను. కంచె పక్కన నిలబడి మా పక్క పొలం ఆయనతో అన్న మాట ట్రక్కులోంచి విన్నాను.

"మా తల్లి ఆవులు చాలావరకు పోయాయి. సంతకు తోలేశా. నీవి?"

ఆయన నేల చూస్తూ, తనవీ అంతేనన్నట్టు తలూపాడు. ఆ మధ్యాహ్నం ఆర్డిస్‌కి అక్కడ తలుపు తీశారు.

వసంతంలో జవాబులన్నీ లెక్కకడితే నడిమి ఇల్లు గీతకు కిందే నిలిచింది. అది ఎవరిల్లని కాఫీ హోటల్లో ఎంత కూపీ లాగినా, పేర్లుంటే కదా నాకు తెలిసేది అని ఆర్డిస్ జామ్ పెట్టిన కొలాచీ బన్ను తింటూ కూర్చుంది.

పైపు వచ్చిన రోజు జొలీన్ తన ఇంట్లో కుళాయి తిప్పి బిడ్డకు సీసా కలిపింది. నాన్న సింకు దగ్గరే నిలబడి ఓ గ్లాసు తాగాడు, ఇంకోటి పట్టాడు. రోడ్డు మీద ఆర్డిస్ కారు కనబడగానే ఆ రెండో గ్లాసు చేత్తో పట్టుకునే వాకిట్లోకి వెళ్లాడు.