లైట్ మీటర్‌కి స్పిరిట్ దూది

మా అమ్మ ఉన్న ఫోటోలన్నిట్లోనూ అమ్మ సగమే ఉంటుంది. ఒకదాంట్లో సెలైన్ సీసా పట్టుకున్న చెయ్యి మాత్రమే. ఇంకోదాంట్లో ఒక చెవి, దాని కమ్మ. నా పుట్టినరోజు ఫోటోల్లో అదీ లేదు, ఎందుకంటే అవి తీసింది తనే. ఢిల్లీ జనక్‌పురిలో మా హాలు గోడ మీద నాన్న ఫోటో ఉంది, నా డిగ్రీ ఫోటో ఉంది, చచ్చిపోయిన మా కుక్క ఫోటో కూడా ఉంది. అమ్మది లేదు.

పెళ్ళికి ముందు నుంచీ నర్సుగా చేస్తున్న మనిషి, రిటైర్ అయ్యే ముందు నన్ను ఒక్కటే అడిగింది.

"ఆఖరి రోజు యూనిఫారంలో ఒక్క ఫోటో తియ్యవే. తల నుంచి కాళ్ళ దాకా. మొత్తం నేను పడాలి."

మర్నాడు ఆ యూనిఫారాలన్నీ వార్డులో కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చేస్తానని అప్పటికే మాటిచ్చేసింది. కాబట్టి రెండో ఛాన్సు లేదు.

ఫోనుతో తీసేస్తే అక్కడితో అయిపోయేది. కానీ అప్పుడే నాకు ఫిల్మ్ ఫోటోగ్రఫీ పిచ్చి పట్టింది. ఫోన్లో రీల్స్ నిండా అదే. ఎవడో పాత కెమెరా పట్టుకుని, కళ్ళు సగం మూసి, "ఫోన్ మనల్ని దేన్నీ చూడనివ్వదు" అంటాడు. నేను మెట్రోలో నిలబడి దాన్ని ఫోన్లో మళ్ళీ మళ్ళీ చూసి, కరెక్టే కదా అనుకుంటాను. నా స్టేషన్ దాటిపోతుంది.

పాత ఢిల్లీలో ఒక కొట్లో కొన్నాను కెమెరా. మా అమ్మ కంటే పెద్దది వయసులో, బరువు ఇటుకంత. దాంట్లో తెర లేదు, బ్యాటరీ లేదు, ఎంత వెలుగుందో చెప్పే ఏర్పాటు కూడా లేదు. దానికి విడిగా లైట్ మీటర్ ఉండాలి. అరచేతిలో పట్టే చిన్న పెట్టె అది. నెత్తి మీద పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి అంటించినట్టు తెల్లటి బుడిపె. మనిషి మొహం దగ్గర పెట్టి మీట నొక్కితే ముల్లు కదిలి ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె కెమెరాలో పెట్టుకోవాలి. మీటర్ ముందు వైపు ఒక చక్రం ఉంటుంది. ఏ రకం ఫిల్మ్ వాడుతున్నామో దాని మీద ముందే తిప్పి పెట్టాలి. ఆ చక్రం జరిగిందంటే మీటర్ చెప్పేదంతా అబద్ధం.

అమ్మ ఆఖరి డ్యూటీ అయ్యాక, సాయంత్రం మా తెలుగు చర్చి సంఘం హాల్లో ప్రార్థన, తర్వాత భోజనాలు. మా సంఘంలో సగం మంది నర్సులే. కాకినాడ, ఏలూరు, బందరు వైపు నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రుల్లో స్థిరపడినవాళ్ళు. అమ్మ యూనిఫారంలోనే నేరుగా హాలుకి వచ్చేసింది.

నేను బయట మెట్ల మీద కూర్చుని కెమెరాలో ఫిల్మ్ ఎక్కించాను. ఎడం చేతిలో ఫోను, ఫోన్లో ఫిల్మ్ ఎలా ఎక్కించాలో చెప్పే వీడియో. ఫిల్మ్ కొసని లాగి అవతలి ఇరుసు సందులో గట్టిగా దూర్చాలట. వీడియోలో అతనికి రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. నాకున్నది ఒకటే. మధ్యలో ఆఫీసు గ్రూపులో మేనేజర్ "చిన్న మార్పు, ఫటాఫట్ చేసెయ్" అని పెట్టాడు. ఒళ్ళు మండి అతనికి సమాధానం కొడుతూనే కెమెరా మూత మూసేశాను.

లోపలికెళ్ళి మొదట చేసిన పని ఫోన్లు బంద్ చేయించడం.

"అందరూ ఫోన్లు బ్యాగుల్లో పెట్టెయ్యండి! ఈ రోజు ఈ ఒక్క కెమెరానే."

"మరి నీ చేతిలో ఉందేంటమ్మా?" అన్నారు ముందు వరసలో ఒక అంకుల్.

"ఇది పని మీద అంకుల్."

వెనక ఎవరో ఆంటీ మెల్లగా ఫోను పైకెత్తింది. "ఆంటీ! అరే యార్, ఒకసారి చెప్తే అర్థం కాదా?" అని అరిచాను. ఆంటీ ఫోను బ్యాగులో పడేసింది.

"పెద్దవాళ్ళ మీద ఏంటే ఆ అరుపులు? గొంతు తగ్గించు," అంది అమ్మ స్టేజీ మీద నుంచి.

సన్మానం అంటే మా వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఆ మనిషిని స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెడతారు. ఇక ఒక్కో కుటుంబమూ వచ్చి చెరో పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్తుంది. కుర్చీలో మనిషికి మంచినీళ్ళు తాగే సందు కూడా దొరకదు. అమ్మకి దండ వేశారు, శాలువా కప్పారు. రెండూ తీసి పక్కన పెట్టేసింది, యూనిఫారం కనబడాలని.

ఆ కెమెరాలో ఫోకస్ కుదిరించడం నాకింకా సరిగ్గా రాదు. ఎలాగో కుదిరాక స్టాండుకి బిగించి, "నువ్వు మాత్రం అస్సలు కదలకమ్మా. మిగతావాళ్ళు వస్తారు, పోతారు," అన్నాను.

"నాకా చెప్తున్నావు? ఎక్స్‌రే బల్ల మీద పిల్లల్ని కదలకుండా పట్టుకున్నదాన్ని."

ఇక మీటర్ తీశాను. అక్కడే కొంప మునిగింది.

మా సంఘంలో అందరికీ పెద్ద ఒకావిడ ఉంది. ఒకప్పుడు అమ్మ వార్డుకి ఇన్‌ఛార్జి. రిటైరై చాలా కాలమైనా ఆవిడ ముందు అమ్మ ఇప్పటికీ నిలబడే మాట్లాడుతుంది. చిన్నా పెద్దా అందరమూ సిస్టరాంటీ అంటాం.

"ఏంటే అది, షుగర్ మిషనా?"

"లైట్ మీటర్ ఆంటీ. మొహం దగ్గర పెడితే రీడింగ్ వస్తుంది."

రీడింగ్ అన్న మాట చెవిన పడగానే ఆవిడ చెయ్యి చాపేసింది. మీటర్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్పిరిట్ దూది తీసి శుభ్రంగా తుడిచింది. "ఎవరెవరి మొహాలకి పెట్టావో ఏమో," అని, పక్కనున్న ఆంటీ మొహానికి పెట్టి మీట నొక్కింది.

"ఎనిమిది. పర్లేదు."

"నాకూ చూడండి సిస్టర్," అని ఇంకో ఆంటీ వచ్చింది. మూడో ఆవిడా వచ్చింది. నర్సులు కదా, ఎవరూ చెప్పకుండానే లైను కట్టేశారు.

"నీకు పదకొండు. మొన్నే చెప్పాను నీకు, రాత్రిపూట అన్నం మానెయ్యమని."

ఆ ఆంటీ కిటికీ పక్కన నిలబడి ఉంది, అంతే.

"మా ఆయనకి చూడండి సిస్టర్. పొద్దున్నుంచీ నీరసం అంటున్నారు."

ఆ అంకుల్ కర్టెన్ నీడలో ఉన్నారు. "రెండు! డౌన్ అయిపోయింది. ఈయన్ని కూర్చోబెట్టి ముందు ఏదన్నా తినిపించండమ్మా." ఇద్దరు ఆంటీలు ఆయన్ని చెరో రెక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. ఆయనకి నిజంగానే చెమటలు పట్టడం మొదలైంది.

"అది ఒంట్లోది కాదు ఆంటీ! మొహం మీద పడే వెలుగు!" అని గొంతు చించుకున్నాను.

"మొహంలో వెలుగు తగ్గితే ఒంట్లో బాగోనట్టే కదే," అంది సిస్టరాంటీ. దానికి జవాబు ఫోన్లో వెతికినా దొరకదు.

మనిషికీ మనిషికీ మధ్య మీటర్‌ని దూదితో తుడుస్తూనే ఉంది. తుడిచినప్పుడల్లా చక్రం ఒక గీత జరుగుతోందని నేను చూడలేదు. మేనేజర్ రెండో చిన్న మార్పు పంపాడు, అది చూస్తున్నాను.

చివరికి మీటర్ నా చేతికొచ్చేసరికి దాన్నుంచి ఆసుపత్రి వాసన. అమ్మ మొహం దగ్గర పెడితే, ఎర్రటి ఎండలో చూపించాల్సినంత అంకె చూపించింది. ట్యూబ్‌లైట్ల హాల్లో ఇంత వెలుగా అని ఆశ్చర్యపోయి, దాన్నే కెమెరాలో పెట్టి, పాత వస్తువులు ఎంత బాగా పనిచేస్తాయో అని ఆఫీసు గ్రూపులో ఫోటో కూడా పెట్టాను. మీటర్ ఫోటో. ఫోన్లో తీసింది.

కుటుంబాలు రావడం మొదలైంది. నిలబడతారు, నవ్వుతారు, నేను నొక్కుతాను, మీట లాగి ఫిల్మ్‌ని ముందుకి జరుపుతాను, తర్వాతి కుటుంబం. అమ్మ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, మెడ నిటారుగా, కదిలితే ఒట్టు. సిస్టరాంటీ మాత్రం ప్రతి కుటుంబంతోనూ ఒకసారి వచ్చి నిలబడింది.

ఇందాక ఫోను గురించి అడిగిన అంకుల్ నా భుజం మీదుగా తొంగి చూశారు. "ఈ రీలుకి ముప్పై ఆరే కదమ్మా? ముప్పై ఎనిమిది చూపిస్తోందేంటి?"

"ఏమో అంకుల్. ఇంకా వస్తోంది."

ఆ మాట పాస్టర్ గారి దాకా వెళ్ళింది. ఆయన మైకు అందుకుని, "ప్రభువు ఐదు రొట్టెలూ రెండు చేపలూ ఐదు వేల మందికి పంచింది గుర్తుచేసుకోండి!" అన్నారు. హాలంతా స్తోత్రం అంది. ఒకసారి ఫోటో దిగినవాళ్ళు మళ్ళీ లైన్లోకి వచ్చారు. వంటవాళ్ళు కూడా గరిటెలతో వచ్చి నిలబడ్డారు. బొటనవేలు నొప్పి పుట్టి నేనే ఆపేశాను. ఫిల్మ్‌ని వెనక్కి చుట్టాలి. వీడియోలో అతనికి చాలాసేపు పట్టింది. నాకు రెండు తిప్పుల్లో అయిపోయింది. నేను అతని కంటే ఫాస్ట్ అనుకున్నాను.

మర్నాడు అమ్మ యూనిఫారాలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఆ అమ్మాయికి ఇచ్చేసి వచ్చింది. ఆ తర్వాత రోజూ ఒకటే ప్రశ్న. "వచ్చిందా?"

ఆఫీసు సాకేత్‌లో, ల్యాబ్ కూడా అటువైపే. కౌంటర్లో కుర్రాడు నా ఈడువాడే.

"రోల్ ఖాలీ హై దీదీ. ఏక్ హీ ఫ్రేమ్ హై." రీలు ఖాళీ, ఒక్క ఫోటోనే ఉందట.

"ఒకటా? బాకీ సబ్ కహాఁ గయే?" మిగతావన్నీ ఎక్కడికి పోయాయి మరి!

"ముఝే క్యా పతా?"

"తుమ్హీనే తో ఖరాబ్ కియా హోగా!" అన్నాను, నువ్వే పాడుచేసుంటావని.

"మైఁ ఖా గయా క్యా?" అని అతనూ గొంతు పెంచాడు. నేను తిన్నానా అంటాడు! షాపులో అందరూ మా వైపే చూస్తున్నారు. ఉన్న ఆ ఒక్కటీ ఫోనుకి పంపిస్తానన్నాడు. నెగెటివ్ ముక్క ఉన్న కవరు లాక్కుని, తలుపు దభాలున వేసి వచ్చేశాను.

మెట్రోలో ఫోన్లో వెతికితే సంగతి తెలిసింది. మూత మూశాక ఒకటి రెండు లాగులకే ఫిల్మ్ కొస ఇరుసులోంచి జారిపోయి ఉంటుంది. ఆ తర్వాత నేను మీట లాగిన ప్రతిసారీ అంకె మారింది గానీ ఫిల్మ్ అంగుళం కదల్లేదు. నలభై చిల్లర ఫోటోలూ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అలా పడితే ఏమవుతుందో కూడా రాసుంది. వెలుగు ఎక్కువైపోయి తెల్ల కాయితం.

ఫోన్లు లోపల పెట్టించింది నేను. అరిచి మరీ పెట్టించాను. అక్కడ ఒక్కరి దగ్గరా అమ్మ ఫోటో లేదు. హౌజ్ ఖాస్‌లో లైను మారి, జనక్‌పురి దాకా "అమ్మా" అని టైపు చేస్తూ, చెరిపేస్తూ కూర్చున్నాను. దిగబోతుంటే ల్యాబ్ నుంచి ఫోటో వచ్చింది. ఎలాగూ తెల్ల కాయితమే కదా అని తెరిచాను.

మధ్యలో అమ్మ. కుర్చీలో, తల నుంచి కాళ్ళ దాకా, యూనిఫారం మడతలతో సహా. చుట్టూ సంఘం మొత్తం, టీ గిన్నె మీది ఆవిరిలా. ఒక అంకుల్ పొట్టలోంచి ఇంకో ఆంటీ చెయ్యి. ఒకే మొహంలో మూడు నవ్వులు. గాల్లో ఒక గరిటె. అందరూ వచ్చి పోయారు గనక అందరూ పొగయ్యారు. కదలని మనిషి ఒక్కతే మనిషిలా పడింది.

ఇంటికొచ్చి మీటర్ చూస్తే చక్రం ఆఖరి గీత మీద ఉంది. అంటే ప్రతి ఫోటోకీ అందాల్సిన వెలుగులో ముప్పయ్యో వంతు కూడా అందలేదు. ఫిల్మ్ సరిగ్గా కదిలుంటే అన్నీ చీకటి బొమ్మలే. ఆ చీకట్లన్నీ ఒకచోట పడి ఒక ఫోటోకి చాలినంత వెలుగైంది.

అమ్మ మొదట నెగెటివ్ ముక్క తీసుకుని, ట్యూబ్‌లైట్‌కి ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది, ఎక్స్‌రే చూసినట్టు. "ఛాతీ క్లియర్," అంది. తర్వాత నా ఫోను తీసుకుంది. రెండు వేళ్ళతో పెద్దది చేస్తూ ఫోటోలో కిందికి వెళ్ళింది. మొహం దగ్గర ఆగలేదు. కాళ్ళ దగ్గర ఆగింది.

"బూట్లు కూడా పడ్డాయే," అంది. "పొద్దున్నే పాలిష్ చేశాను. కనబడతాయో లేదో అనుకున్నాను."

ఫోను నాకు తిరిగివ్వడానికి చాలాసేపు పట్టింది. మొదటిసారి నేను ఇమ్మని అడగలేదు.

ఆ ఆదివారం సంఘం వాళ్ళంతా మా హాల్లో గోడకెక్కిన అమ్మ ఫోటో ముందు గుంపు కట్టి, ఎవరికి వాళ్ళు తమని వెతుక్కున్నారు.

"మీ ఆయన బట్టతల నా భుజం మీద ఉందండీ."

"ఉండనివ్వండి, ఇంట్లో ఎలాగూ నిలవరు."

"మరి నేనేదీ?" అంది సిస్టరాంటీ.

"మీరు అంతటా ఉన్నారు సిస్టర్," అంది అమ్మ, నిలబడి.

ఆవిడ చాలాసేపు చూసి, నా వైపు తిరిగింది. "మా యాభయ్యో పెళ్ళిరోజుకి కూడా ఇలాగే తియ్యాలి. అందరూ ఒక్క దాంట్లో వచ్చెయ్యాలి. ఆల్బమ్‌లన్నీ దండగ."

"ఆంటీ, అది పొరపాటున అలా వచ్చింది. మళ్ళీ తియ్యమంటే నాకు రాదు!"

"వస్తుందిలే," అంది ఆవిడ, హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగుతూ. "దూది నేను తెస్తాగా."