చమురు బేరం చెడినప్పుడు

పంతులమ్మ పరదేశాల వాళ్ళకు తన భాష నేర్పి బతికేది. రాత కాదు, మాట. అంగట్లో బేరమాడటం దగ్గర్నుంచి మంత్రిగారి ముందు నొప్పించకుండా కాదనడం దాకా అన్నీ ఆమె దగ్గర నేర్చుకోవచ్చు. ఒక పెద్ద దేశపు రాయబార కార్యాలయంలో వారానికి మూడు ఉదయాలు పాఠం చెప్పేది. రెండో అంతస్తులో మూల గది, గుండ్రటి బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు, ఎప్పుడూ దించి ఉండే కిటికీ తెర. అవతలి కుర్చీలో కూర్చునేవాడు అక్కడి కార్యదర్శుల్లో ఒకడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. క్రియాపదం తప్పితే చెవులు ఎర్రబడేవి. ఇంట్లో వాళ్ళు అతన్ని ‘నీ శిష్యుడు’ అనేవాళ్ళు.

ఇల్లంటే మూడు గదుల వాటా. ఆమె, తమ్ముడు, మరదలు, వాళ్ళ చంటిపాప. అమ్మానాన్నలు పోయేనాటికి తమ్ముడికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. అక్కే తల్లై పెంచింది. తన పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, ముందు వీడి కాళ్ళకు జోళ్ళు సరిపోనివ్వండి అని నవ్వేసేది. వాడి కాళ్ళు ఎదుగుతూనే ఉన్నాయి, పెళ్ళి మాట వెనకబడిపోయింది. వాడు పెద్దవాడై చమురు శుద్ధి కర్మాగారంలో పనికి కుదిరాడు.

ఆ దేశంలో తవ్వితే చమురు, తలెత్తితే పెద్దాయన బొమ్మ. పెద్దాయన గద్దెనెక్కి ఎన్నేళ్ళయిందో పైకి లెక్కపెట్టేవాళ్ళు లేరు. ఆయన మీద చిన్న జోకు వేసుకోవాలన్నా జనం కుళాయి తిప్పి ఆ నీళ్ళ చప్పుడులో వేసుకునేవాళ్ళు. తమ్ముడికి మాత్రం కుళాయి తిప్పే అలవాటు అబ్బలేదు.

ఒకనాడు కర్మాగారంలో ఖాళీ ట్యాంకు కడగడానికి దిగిన ఇద్దరు కూలీలు లోపలి గాలి పీల్చి అక్కడే ప్రాణాలు వదిలారు. మిగతావాళ్ళు గేటు ముందు బైఠాయించారు. వాళ్ళు అడిగింది రాజ్యం కాదు, ముఖానికి తొడుక్కునే మాస్కులు. అందరి తరపునా మాట్లాడింది తమ్ముడు. మర్నాడు ఇంటికి నడిచి వస్తుంటే నంబరు పలక లేని కారొకటి పక్కన ఆగిందట. తోటివాళ్ళు చూసింది అంతవరకే.

మరదలు పాపను చంకనేసుకుని, పంతులమ్మను వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్ళింది. ఆ పేరుగల మనిషి తమ దగ్గర లేడని అక్కడి అధికారి అన్నాడు. కర్మాగారంలో అడిగితే, ఆ పేరుగల మనిషి తమ దగ్గర ఎన్నడూ పనిచేయలేదన్నారు. నిన్నటిదాకా జీతమిచ్చినవాళ్ళే! బతికున్న మనిషిని పుట్టనివాణ్ణి చేసేశారు.

ఆ రోజు నుంచి ఎదురింటి తలుపు కిర్రుమన్నా ఇద్దరికీ గుండె జారేది. మెట్ల మీద అడుగులు వినబడితే మాట ఆపేసి, అవి ఏ అంతస్తు దగ్గర ఆగుతాయో అని చెవులు రిక్కించేవాళ్ళు. పాప ఏడిస్తే మరదలు దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టేది, ఎందుకు పెడుతోందో తనకే తెలియకుండా. నిన్నమొన్నటిదాకా ఆగి కబుర్లు చెప్పిన పొరుగువాళ్ళు ఇప్పుడు చెత్తబుట్ట పట్టుకుని గోడవారగా తప్పుకునేవాళ్ళు. వాళ్ళనీ అనడానికి లేదు. ఎవరి ప్రాణం వాళ్ళకు తీపి.

సాయంత్రాలు పెద్ద దేశపు రేడియో బాగా తగ్గించి పెట్టుకుని వినేవాళ్ళు. అందులో రోజూ సరిహద్దు అవతలి దేశపు జైళ్ళలో మగ్గుతున్నవాళ్ళ పేర్లు చదివేవారు. ఆ దేశంలోనూ చమురుంది, అక్కడా ఒక పెద్దాయన ఉన్నాడు. కాకపోతే ఆయన పెద్ద దేశపు కంపెనీలను ఏనాడో తరిమేశాడు. ఒక్కో ఖైదీ ఊరు, వృత్తి, వాళ్ళమ్మ ఏమని ఏడుస్తోందో చెబుతుంటే చదివే ఆవిడ గొంతు వణికేది.

"ముక్కూ మొహం తెలియని అమ్మల కోసం ఇంత బాధపడుతున్నారే! వాళ్ళ కార్యాలయం పక్క వీధిలోనే ఉన్న మన సంగతి తెలిస్తే ఊరుకుంటారా? నీ శిష్యుణ్ణి అడుగు వదినా," అంది మరదలు.

అడగాలంటే పంతులమ్మకు భయం. అడగకుండా పాప ముఖం చూడాలన్నా భయం. అడకత్తెరలో పోకచెక్కలా కొన్నాళ్ళు నలిగింది.

ఆ వారం పాఠం భూతకాలం. వాళ్ళు వచ్చారు, వీళ్ళు వెళ్ళారు. శిష్యుడు అవతలి దేశపు ఖైదీల గురించి ఎక్కడో ప్రసంగించాల్సి ఉంది. మౌనంగా ఉండటం కూడా నేరంలో పాలుపంచుకోవడమే అనే వాక్యం సరిగ్గా వచ్చిందా అని అడిగాడు. సరిగ్గానే ఉందని చెప్పింది. ఆ వాక్యమే ఆమెకు కాస్త ధైర్యమిచ్చింది. గొంతు తగ్గించి, ఉదాహరణ చెబుతున్నట్టే మొదలుపెట్టింది.

"నాకు ఒక తమ్ముడు ఉన్నాడు. వాణ్ణి తీసుకెళ్ళారు. ఎక్కడికో చెప్పలేదు."

శిష్యుడు అది అభ్యాసమే అనుకుని, "మీకు ఒక తమ్ముడు ఉన్నాడు, వాణ్ణి తీసుకెళ్ళారు," అని వల్లిస్తూ సగంలో ఆగిపోయాడు. ఆమె ముఖం చూశాక అతనికి సంగతి అర్థమైంది. కలానికి మూత పెట్టాడు. తర్వాత ఒక్క తప్పు లేకుండా, చాలా విచారకరమనీ, అయితే అది వాళ్ళ దేశపు అంతర్గత వ్యవహారమనీ అన్నాడు. ‘అంతర్గత వ్యవహారం’ అనే మాటను, ఎక్కడెక్కడ వాడాలో చెప్పి మరీ, అంతకుముందు నెలలో నేర్పింది ఆమే.

మర్నాడే ఇంటికొకడు వచ్చాడు. బూడిదరంగు చొక్కా, నున్నగా దువ్విన తల. పిలవకుండానే లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, మంచినీళ్ళడిగాడు. పాప బుగ్గ నిమిరి పేరేమిటన్నాడు. నీళ్ళు తాగి గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు.

"పాఠాలు బాగా చెప్తారటగా! ఈ వారం భూతకాలం నడుస్తోందని విన్నాను. కాస్త వర్తమానం కూడా చూసుకోండమ్మా. ఇంట్లో పసిబిడ్డ ఉంది."

పాఠం చెప్పిన గదిలో ఉన్నది ఇద్దరే. శిష్యుడు చెప్పాడో, గోడ చెప్పిందో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఆ మనిషి వెళ్ళాక మరదలు ఆ గ్లాసును తోమిందే తోమింది. చెప్పకుండా వస్తాడు, ఎప్పుడు కదులుతాడో తెలియదు, అచ్చం చుట్టమే అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే మరదలికి ఏడుపొచ్చింది. అప్పట్నుంచి వాడి పేరు చుట్టం.

పాఠాలు మానేస్తే అనుమానం, వెళ్తే భయం. వెళ్ళింది. శిష్యుడు ఆ ఊసే ఎత్తలేదు. పాఠం వానల మీదికీ, పళ్ళ మీదికీ, రంగుల మీదికీ మళ్ళింది.

చలి పోయి ఎండలు ముదిరాయి. అప్పుడు బేరం చెడింది. సముద్రంలో కొత్తగా బయటపడ్డ చమురు క్షేత్రం తమదేనని పెద్ద దేశం వాళ్ళు ధీమాగా ఉండగా, పెద్దాయన దాన్ని తీసుకెళ్ళి ఇంకో దేశం చేతిలో పెట్టాడు. ఆ వారమే రేడియో తిరగబడింది. చదివేది ఆవిడే, గొంతులో వణుకూ అదే, ఖైదీలు మాత్రం ఈ దేశం వాళ్ళు. అప్పటిదాకా పెద్దాయనను దార్శనికుడన్న నోరే నియంత అంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మరదలి కళ్ళల్లో వెలుగొచ్చింది. పంతులమ్మ లేచి రేడియో ఇంకా తగ్గించింది. నిన్నటిదాకా ఆ రేడియో వింటే ఎవరూ ఏమీ అనలేదు. ఇవాళ్టి నుంచి అదే నేరం.

తర్వాతి పాఠానికి శిష్యుడు ఆమెకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. బల్ల మీద టీ, బిస్కెట్లు ఉన్నాయి. ఆమె తమ్ముడి సంగతి తాను మరిచిపోలేదని చెప్పి, ఫొటో ఉందా అని అడిగాడు.

ఆమె కప్పు ముట్టుకోలేదు. "అప్పుడు అంతర్గత వ్యవహారం అన్నారు."

"అప్పటి పరిస్థితి వేరండీ."

"మా తమ్ముడి పరిస్థితి అదేనండీ."

ఏ క్రియా తప్పకుండానే అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె అడగాల్సింది అడిగింది.

"రేపు మీకూ మా పెద్దాయనకూ మళ్ళీ కుదిరిందనుకోండి. మీరు వాడి పేరు చదవడం ఆపేస్తారు. మా ఇంటికొచ్చేవాళ్ళు మాత్రం రావడం ఆపరు. అప్పుడు మేమేం చెయ్యాలి?"

ఆ విషయంలో తాను మాట ఇవ్వలేనన్నాడు అతను. ఆ గదిలో అతను చెప్పిన నిజమైన మాట అదొక్కటే అనుకుంది ఆమె.

ఇంట్లో కుళాయి తిప్పి, వంటింట్లో నిలబడి వదినా మరదళ్ళు మాట్లాడుకున్నారు. పుట్టనేలేదన్న మనిషి పేరు రేడియోలో వస్తే పుట్టాడని ఒప్పుకోక తప్పదు కదా అంది మరదలు. ఒప్పుకున్నాక చంపేస్తేనో అంది పంతులమ్మ.

"ఒప్పుకోకపోతే, చంపినా మనకు తెలియదు వదినా."

ఉన్న ఫొటోల్లో ముఖం స్పష్టంగా కనబడేది, వాడు పాపను ఎత్తుకుని తీయించుకున్నదొక్కటే. మరదలు కత్తెర తీసుకుని పాపను వేరుచేసింది. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా, తండ్రి చొక్కా కాలరు పట్టుకున్న చిన్ని వేళ్ళు అక్కడే ఉండిపోయాయి.

ఫొటో శిష్యుడికి చేరింది, రేడియోలో పేరు వచ్చింది. వాణ్ణి పెద్ద ఉద్యమ నాయకుడన్నారు. మాస్కుల మాట రాలేదు. ట్యాంకులో పోయిన ఇద్దరి మాటా రాలేదు. ఆ తర్వాత ఇద్దరాడవాళ్ళూ తలుపుకు బల్ల అడ్డంపెట్టి, పాపను మధ్యలో వేసుకుని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని గడిపారు. చుట్టం రానే వచ్చాడు. ఈసారి మంచినీళ్ళడగలేదు. గోడ మీదున్న ఫొటోలు ఒక్కొక్కటే తీసి నేలకేసి కొట్టాడు. పొరుగువాళ్ళందరికీ వినబడేలా తిట్టాడు. పోతూ పోతూ, ఊరవతల జైలుకొచ్చి వాణ్ణి చూసుకోమన్నాడు. వాడు నిక్షేపంగా ఉన్నాడని అందరికీ చెప్పాలన్నాడు.

అంటే బతికే ఉన్నాడు. గాజు పెంకుల మధ్య కూర్చుని ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు.

జైల్లో మనిషికీ మనిషికీ మధ్య ఇనుప వల. తమ్ముడు సగమయ్యాడు. పక్కనే కాపలావాడు. "అక్కా, పాప?" అన్నాడంతే. పళ్ళొస్తున్నాయి, ఏది దొరికితే అది కొరుకుతోందని పంతులమ్మ చెప్పింది. తర్వాత విచారణ జరిగింది. కొన్నేళ్ళ శిక్ష పడింది. శిక్ష పడిందని సంతోషించిన అక్క లోకంలో తానొక్కతే అయ్యుంటానని పంతులమ్మ తర్వాత అనుకునేది. శిక్ష పడాలంటే మనిషి ఉండాలి కదా.

ఏడాది తిరక్కుండా పెద్దాయనకూ పెద్ద దేశానికీ రాజీ కుదిరింది. రేడియో మళ్ళీ సరిహద్దు దాటి అవతలి ఖైదీల దగ్గరికి వెళ్ళిపోయింది. శిష్యుడికి పై పదవితో బదిలీ వచ్చింది. వెళ్ళేముందు ఒకసారి రమ్మని కబురు పెట్టాడు. ఆమె బయల్దేరి, సగం మెట్లు దిగి, వెనక్కి వచ్చేసింది. అది భయమో, కోపమో ఆమెకే తేలలేదు.

అసలు భయం అప్పుడు పట్టుకుంది. చదివేవాళ్ళు లేని పేరును ఎవరైనా తుడిచేయొచ్చు. అందుకని చూడనిచ్చినా చూడనివ్వకపోయినా, వదినా మరదళ్ళలో ఎవరో ఒకరు జైలు బయట వాకబు చేసే కిటికీ దగ్గరికెళ్ళి తమ్ముడి పేరు పైకి చెప్పి నిలబడేవాళ్ళు. ఎండలో, వానలో, జ్వరంతో కూడా. కాపలావాళ్ళు విసుక్కునేవాళ్ళు, కసిరేవాళ్ళు. చివరికి, "ఉన్నాడు, పోమ్మా," అనేవాళ్ళు. ఆ ఒక్క మాట తీసుకుని బస్సెక్కేవాళ్ళు.

శిక్ష ముగిశాక వదిలిపెట్టారు. గడపలో నిలబడ్డ సన్నటి మనిషిని చూసి పాప తల్లి కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. వాడికి కుడి చెవి వినబడటం లేదని రెండు రోజులకు గానీ ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. పంతులమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు చెవిలోకి దీపం వేసి చూసి, ఇలా ఎలా అయిందని అడిగాడు.

"పడ్డాను," అన్నాడు తమ్ముడు.

"పడ్డాడండీ," అంది పంతులమ్మ.

డాక్టరు తలుపు వైపు ఒకసారి చూశాడు. చేతులు కడుక్కుంటూ, ఈమధ్య చాలామంది పడుతున్నారని మెల్లగా అన్నాడు. చుక్కల మందు రాసిచ్చి, నెల తర్వాత రమ్మన్నాడు. బస్సు కిక్కిరిసి ఉంది. ఇల్లు చేరేదాకా ఆమె తమ్ముడి చొక్కా చేయి వదల్లేదు.