బొమ్మల కార్డులో ఆమె గొంతు

నా భార్య గొంతు నాకు ఒక్క క్యాసెట్టులోనే మిగిలింది. అదీ ఒక వైపే, అరగంట.

నేను కువైట్‌లో ఉన్నప్పుడు మా మధ్య ఉత్తరాల్లేవు. ఆమెకు రాయడం రాదు. మా ఊరు పామిడిలో టేప్‌రికార్డరు ముందు కూర్చుని ఇంటి సంగతులన్నీ మాట్లాడి, ఊరి నుంచి వచ్చేవాళ్ల చేతికి ఆ క్యాసెట్టు ఇచ్చి పంపేది. నేను విని, దాని మీదే నా మాటలు రికార్డు చేసి తిప్పి పంపేవాణ్ణి. కువైట్ పోయినవాళ్ల ఇళ్లలో అందరూ చేసేది అదే. ఆమె మాట చెరిగితేనే నా మాట, నా మాట చెరిగితేనే ఆమె మాట. ఎవరికీ అదొక సంగతిగా కూడా తోచలేదు. చివరిసారి క్యాసెట్టు అందాక, నేను జవాబు చెప్పకముందే ఫోను వచ్చింది. ఆమె జ్వరంతో పోయింది.

తిరిగొచ్చి అనంతపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునే పనిలో చేరాను. ఒంటి గది. పలకరించే మనిషి లేడు. పొయ్యి మీద పప్పు పెట్టి క్యాసెట్టు వేసుకునేవాణ్ణి. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో, "వింటాండావా బావా?" అని ఆగేది. ఆమె మా మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ ఎదుటివాడు ఊఁ కొట్టకపోతే దానికి మాట సాగదు. నేను ఊఁ అనేవాణ్ణి. పిచ్చి కాకపోతే ఏమిటి! అయినా అనేవాణ్ణి.

వేసి వేసి టేపు అరిగిపోయింది. తిరిగినప్పుడల్లా గోధుమరంగు పొడి రాలేది. ఇంకొక్కసారి తిరిగితే గొప్ప. ఆ ఒక్కసారిలో దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి సీడీ చేసుకోవాలి. నా దగ్గరున్నది ల్యాబులో పారేసిన ముక్కలతో కూర్చుకున్న, లినక్స్‌తో నడిచే కంప్యూటరు మిషను. దాని ర్యామ్, అంటే పని జరిగేటప్పుడు అన్నీ పెట్టుకునే మెమరీ, అరగంట గొంతుకు చాలదు. ర్యామ్ నిండితే మిగిలినదాన్ని లినక్స్ హార్డ్ డిస్కులో స్వాప్ అనే చోట పెట్టుకుంటుంది. నా డిస్కేమో కటకటమని కొట్టుకునే ముసలిది. ముందు ఒక పాత పాటల క్యాసెట్టు పెట్టి చూస్తే సగంలోనే మిషను బిగుసుకుపోయింది.

ఇంకో డిస్కు కోసం తీసుకుపోతే రిపేరు షాపు భాయ్ విప్పి చూసి నవ్వాడు.

"ఈ రకం డిస్కు ఇప్పుడు యాడా దొరకదన్నా. అది సరే, ఇంత పెద్ద గ్రాఫిక్స్ కార్డు నీకెందుకప్పా? గేమ్స్ ఆడతాండావా ఏమి?"

"యాడ ఆడేది? నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే."

"అయితే కార్డులో మెమరీ అంతా ఖాళీగా ఉండాది పాపం!"

ఖాళీ అనే మాట ఆమెకు పడేది కాదు. పామిడిలో కొళాయి వచ్చిన రోజు బిందెలు నిండాక చెంబులు, కుక్కరు, ఇడ్లీ పాత్ర, చివరికి నా టిఫిన్ క్యారియర్ గిన్నెలు కూడా నింపేది. నేను నవ్వితే, "ఖాళీగా పెట్టుకోని ఏం చేసుకుంటావు?" అని కసిరేది. దారి పొడుగునా అదే చెవిలో మోగింది. నిజమే కదా, బొమ్మల కోసం పెట్టిన మెమరీని గొంతుకు వాడుకుంటే ఎవడు వద్దన్నాడు? కార్డులో తెరకు కావలసినంత వదిలి, మిగిలినదాన్ని స్వాప్‌గా వాడుకోమని లినక్స్‌కు చెప్పొచ్చు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. పదింటికి కరెంటు తీస్తారు. క్యాసెట్టు తిరుగుతోంది, ఆమె మాట్లాడుతోంది. ర్యామ్ నిండింది. డిస్కు కిక్కురుమనలేదు. కార్డు వంతు వచ్చింది. అంతలో తెర అడుగున ఎర్రవి, పచ్చవి చుక్కలు బిలబిలమని లేచాయి. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. కార్డు కాలిపోయిందేమో అనుకున్నాను. కాదు. తెరకు వదలాల్సిన చోటు తక్కువ వదిలాను. ఆమె గొంతు వచ్చి తెర మీద పడింది. ఆ చుక్కలు ఆమె మాటలే.

అరగంటా కీబోర్డు తాకకుండా చూస్తూ కూర్చున్నాను. చివర్లో టేపు టప్పున తెగింది. ఇక ఆమె గొంతు ఆ మిషనులో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా లేదు. సీడీకి ఎక్కించాలంటే ఒక వరుస కమాండు టైపు చేయాలి. ఆ అక్షరాలు పోయి చుక్కల మీదే పడతాయి, పడిన చోట మాట పోతుంది. ఊరుకుంటే పదింటికి కరెంటు పోగానే మెమరీలో ఉన్నదంతా పోతుంది. మళ్లీ ఆమె మాట మీద నా మాట. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే టైపు చేశాను.

సీడీ బయటికి వచ్చాక కరెంటు పోయింది.

సీడీలో అంతా ఉంది. ఎండిన పెన్నేరు, కాయలు పట్టని చెనక్కాయ చేను, పక్కింటివాళ్లతో కొళాయి దగ్గర తగాదా, అన్నీ ఉన్నాయి. ఒక్కచోట గర్రుమని శబ్దం వస్తుంది. అక్కడ పోయిన మాటేమిటో నాకు తెలుసు. "వింటాండావా బావా?" అన్న మాట అది. ఆ తర్వాత నా కోసం ఆమె ఆగిన ఆ కాస్త నిశ్శబ్దం మాత్రం చెరగలేదు.

అక్కడ ఇప్పుడు ఆమె అడగదు. నేను ఊఁ అంటాను.